తెర మీది పాఠం

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటర్ ద్వారా బోధించే పాఠాలను రూపొందించడానికి తోడ్పడే సాఫ్ట్‌వేర్లు కాలక్రమంలో ఏ విధంగా మారుతూ వచ్చాయో, ప్రతి మార్పునకు వెనుక ఉన్న అవసరం ఏమిటో, ఆ మార్పులలో అధ్యాపకుని బాధ్యత ఎటువంటిదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

విద్య ఒక తరం నుంచి మరొక తరానికి అందే క్రమంలో అనేక సాధనాలను ఆశ్రయించింది. గురుముఖతః విని వల్లె వేసిన కాలం ఒకటి. తాళపత్రాలపై గంటంతో రాసి భద్రపరచుకొన్న కాలం మరొకటి. అచ్చుయంత్రం వచ్చిన తరువాత పాఠం పుస్తకరూపం ధరించి ఇంటింటికీ చేరింది. సాధనం మారిన ప్రతిసారీ పాఠం స్వరూపం కూడా కొంత మారింది. తాటాకు మీద పొడవైన అడ్డగీతలు గీస్తే ఆకు చీలిపోతుంది కనుక తెలుగు అక్షరాలు గుండ్రదనాన్ని సంతరించుకొన్నాయని లిపి పరిశోధకులు చెబుతారు. రాసే వస్తువు అక్షరాన్నే మార్చగలిగినప్పుడు, చూపే తెర పాఠాన్ని మార్చడంలో ఆశ్చర్యం లేదు.

తెర మీది పాఠంలో అక్షరంతో పాటు బొమ్మ, ధ్వని, కదిలే దృశ్యం కలిసి ఉంటాయి. వీటన్నింటికంటె ముఖ్యమైన లక్షణం మరొకటి ఉంది. ఆ పాఠం ప్రశ్న వేస్తుంది, సమాధానం స్వీకరిస్తుంది, ఆ సమాధానాన్ని బట్టి తరువాతి అడుగు నిర్ణయిస్తుంది. పుస్తకం ఈ పని చేయలేదు. పాఠకుడు తప్పుగా అర్థం చేసుకొన్నా పుస్తకం మౌనంగానే ఉంటుంది. తెర మీది పాఠానికి మాట్లాడే శక్తి ఉంది. అయితే ఏ తప్పుకు ఏమి చెప్పాలో ముందుగా ఎవరో ఒకరు ఆలోచించి అందులో పొందుపరచాలి. ఆ పనిని అధ్యాపకునికి సులభం చేయడానికి పుట్టినవే పాఠ్యరచన సాఫ్ట్‌వేర్లు.

ఈ ప్రయత్నం నిన్న మొన్న మొదలైనది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో డొనాల్డ్ బిట్జర్ నాయకత్వంలో ‘ప్లేటో’ అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ ఆరంభమైంది. దానిలో పాఠాలు రాయడానికి 1960ల చివరిభాగంలో ‘ట్యూటర్’ అనే ప్రత్యేక భాషను రూపొందించారు. అధ్యాపకుడు ఆ భాషను నేర్చుకొంటేనే పాఠం రాయగలిగేవాడు. తన విషయంలో ఎంతటి పండితుడైనా కంప్యూటర్ భాష రానివాడు మరొకరి మీద ఆధారపడక తప్పేది కాదు. 1987లో వెలువడిన ‘ఆథర్‌వేర్’ ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గించింది. అందులో ఆజ్ఞలను టైపు చేయవలసిన పని లేదు. బొమ్మ చూపడం, ప్రశ్న అడగడం, కొంతసేపు ఆగడం వంటి పనులకు చిన్న చిన్న గుర్తులు ఉండేవి. వాటిని ఒక నిలువుగీత మీద వరుసగా పేర్చితే పాఠం తయారయ్యేది. నేటి సాఫ్ట్‌వేర్లన్నీ ఏదో ఒక విధంగా ఈ ఆలోచనకు వారసులే.

ఇక్కడ రెండు రకాల సాఫ్ట్‌వేర్ల మధ్య తేడాను గుర్తించడం అవసరం. పాఠాన్ని తయారుచేసేది పాఠ్యరచన సాఫ్ట్‌వేర్. తయారైన పాఠాన్ని విద్యార్థులకు అందించి, ఎవరు చదివారో, ఎన్ని మార్కులు వచ్చాయో నమోదు చేసేది అభ్యసన నిర్వహణ వ్యవస్థ. మొదటిది వంటశాల అయితే రెండవది భోజనశాల. ఒక సంస్థ చేసిన వంటకాన్ని మరొక సంస్థ వడ్డించాలంటే రెండింటికీ పొత్తు కుదరాలి. ఆ పొత్తు కోసం ఏర్పడిన ప్రమాణమే ‘స్కార్మ్’. అమెరికా రక్షణశాఖ చొరవతో ఇది రూపొందింది. 2001లో వచ్చిన దీని 1.2వ రూపం ఎంతో కాలం విస్తృతంగా వాడుకలో నిలిచింది. పాఠం పూర్తయిందా లేదా, ఎన్ని మార్కులు వచ్చాయి, ఎంత సమయం పట్టింది, విద్యార్థి ఎక్కడ ఆపాడు అనే విషయాలను పాఠం నిర్వహణ వ్యవస్థకు తెలియజేయడానికి ఇది మార్గం ఏర్పరచింది. 2013లో ‘ఎక్స్‌-ఏపీఐ’ అనే మరొక ప్రమాణం వచ్చింది. అందులో ప్రతి అనుభవమూ ఒక వాక్యంగా నమోదవుతుంది. ఎవరు చేశారు, ఏమి చేశారు, దేనిని చేశారు అనేవి ఆ వాక్యంలోని భాగాలు. తెలుగు వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. కర్త, క్రియ, కర్మలే అక్కడ పనిచేస్తున్నాయి.

పాఠ్యరచన సాఫ్ట్‌వేర్లు కాలానుగుణంగా ఎందుకు మారాయో తెలుసుకోవడానికి ‘క్యాప్టివేట్’ అనే ఒక సాఫ్ట్‌వేర్ చరిత్రను పరిశీలిస్తే చాలు. క్యాప్టివేట్ కావడానికి ముందు ఇది ‘రోబోడెమో’ అనే పేరుతో ఉండేది. కంప్యూటర్ తెరపై జరిగే పనిని పట్టి చూపించడం దాని ప్రధానోద్దేశం. మాక్రోమీడియా సంస్థ దానిని తీసుకొని 2004లో ‘క్యాప్టివేట్’ అని పేరు మార్చింది. 2005లో మాక్రోమీడియాను అడోబీ సంస్థ కొన్నది. 2009లో వచ్చిన 4వ వెర్షన్‌లో, రాసిన మాటలను యంత్రం చేత చదివించే సౌకర్యం చేరింది. విద్యార్థి పేరునో, మార్కులనో గుర్తుంచుకొని అవసరమైన చోట వాడే వెసులుబాటు కూడా అప్పుడే వచ్చింది.

ఆ కాలంలో ఇటువంటి పాఠాలు ఎక్కువగా ‘ఫ్లాష్’ అనే రూపంలో వెలువడేవి. అంతర్జాలంలో కదిలే బొమ్మలన్నింటికీ దాదాపు అదే ఆధారం. కాని 2007లో వచ్చిన ఐఫోన్‌లో ఫ్లాష్ పనిచేయలేదు. 2010లో వచ్చిన ఐప్యాడ్‌లోనూ పనిచేయలేదు. చేతిలో ఇమిడే తెరలు పెరుగుతున్న కొద్దీ ఫ్లాష్ పాఠాలు తెరుచుకోని చోట్లు పెరిగాయి. దాని స్థానంలో ‘హెచ్‌టీఎంఎల్ 5’ అనే బహిరంగ ప్రమాణం ముందుకు వచ్చింది. 2012లో వచ్చిన క్యాప్టివేట్ 6వ వెర్షన్‌లో పాఠాన్ని ఈ రూపంలో కూడా ప్రచురించే వీలు ఏర్పడింది. అప్పట్లో చాలామందికి అది అనేక సౌకర్యాలలో ఒకటిగా మాత్రమే కనిపించి ఉండవచ్చు. దాని విలువ తరువాత తెలిసింది. ఫ్లాష్‌ను విరమిస్తున్నట్లు 2017 జూలైలో ప్రకటన వెలువడింది. 2020 డిసెంబర్ 31తో దానికి మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ పాఠాలను నడపడం మానివేసింది.

ఈ పరిణామం అధ్యాపక లోకానికి ఒక గట్టి హెచ్చరిక. మూలప్రతిని దాచుకొన్నవారు దానిని కొత్త వెర్షన్‌లో తెరిచి, సరిదిద్ది, కొత్త రూపంలో మళ్ళీ ప్రచురించుకోగలిగారు. ప్రచురించిన రూపం మాత్రమే మిగిలినవారికి ఆ అవకాశం లేకపోయింది. తాళపత్ర గ్రంథాలను కాపాడినవారు పాత ఆకులు శిథిలం కాకముందే కొత్త ఆకుల మీదికి ప్రతులు రాయించేవారు. తెర మీది పాఠానికి కూడా ఆ జాగ్రత్త తప్పదు. చెదపురుగు లేకపోయినా దానికి కాలదోషం ఉంది. 2023లో క్యాప్టివేట్‌ను పూర్తిగా కొత్తగా నిర్మించి విడుదల చేసినప్పుడు పాత ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. పాత సాఫ్ట్‌వేర్‌ను ‘క్లాసిక్’ అనే పేరుతో వేరుగా ఉంచవలసి వచ్చింది. కనుక కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అందులో ఏమి చేరింది అనే ప్రశ్నతో పాటు, పాత పాఠాల గతి ఏమిటి అనే ప్రశ్న కూడా వేయాలి.

తెర పరిమాణం మరొక సమస్యను తెచ్చింది. బల్ల మీది కంప్యూటర్ కోసం అమర్చిన పాఠం ఫోన్‌లో చూస్తే అక్షరాలు చీమల బారులాగా కనిపిస్తాయి. 2014లో వచ్చిన 8వ వెర్షన్ ఈ సమస్యను పట్టించుకొంది. కంప్యూటర్, ట్యాబ్లెట్, ఫోన్ అనే మూడు కొలతలకు ఒకే పాఠాన్ని మూడు విధాలుగా అమర్చే వీలు కల్పించింది. అయితే ప్రతి పుటనూ మూడుసార్లు సరిచూడవలసి రావడం అధ్యాపకునికి భారమైంది. 2017లో వచ్చిన వెర్షన్‌లో బొమ్మలు, వాక్యాలు కొన్ని పెట్టెలలో కూర్చుంటాయి. తెర ఇరుకైతే ఆ పెట్టెలు పక్కపక్కన ఉండడం మాని ఒకదాని కింద మరొకటి చేరతాయి. ఏ పాత్రలో పోస్తే ఆ ఆకారం ధరించే నీటితో ఈ పద్ధతిని పోల్చవచ్చు. ఇంటిలో కంప్యూటర్ లేక, ఒకే ఫోన్‌ను అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకొని చదివే కుటుంబాలలో ఈ సౌకర్యం అలంకారం కాదు, అత్యవసరం. 2020లో కరోనా కారణంగా విద్యాసంస్థలు మూతపడినప్పుడు ఈ విషయం దేశమంతటికీ అనుభవంలోకి వచ్చింది.

2018లో విడుదలైన వెర్షన్‌లో అన్ని దిక్కులా తిరిగి చూడగల చిత్రాలు, మధ్యమధ్య ఆగి ప్రశ్న వేసే వీడియోలు చేరాయి. ప్రయోగశాలనో, కర్మాగారాన్నో లోపల నిలబడి చూస్తున్న అనుభూతి కలిగించడానికి ఇవి ఉపయోగపడతాయి. అయితే కొత్త సౌకర్యం ఉంది కదా అని ప్రతి పాఠంలోనూ దానిని చొప్పించడం ఉచితం కాదు. పాఠానికి అవసరం లేని బొమ్మ, సంగీతం విద్యార్థి దృష్టిని మరలిస్తాయి. కూరలో ఉప్పు రుచికే గాని ఉప్పే కూర కాదు.

పాఠ్యరచన సాఫ్ట్‌వేర్‌లో నిజమైన విలువ గలది ప్రశ్నోత్తరాల విభాగం. ఒక ఉదాహరణ తీసుకొందాం. తెలుగు అధ్యాపకుడు సంధుల మీద ఒక తెర పాఠం తయారుచేస్తున్నాడనుకొందాం. ‘విద్యాలయం అనే పదంలో ఉన్న సంధి ఏది?’ అన్నది ప్రశ్న. సవర్ణదీర్ఘ సంధి, గుణసంధి, యణాదేశ సంధి అనే మూడు సమాధానాలు తెర మీద ఉన్నాయి. విద్యార్థి యణాదేశ సంధిని ఎంచుకొన్నాడు. ‘తప్పు, మళ్ళీ ప్రయత్నించు’ అని తెర మీద చూపితే ఆ విద్యార్థికి ఒరిగేది ఏమీ లేదు. మిగిలిన రెండింటిలో ఒకదాన్ని గుడ్డిగా ఎంచుకొంటాడు. అతడు ఆ తప్పు ఎందుకు చేశాడో అధ్యాపకునికి తెలుసు. ‘ద్యా’ అనే అక్షరంలో యకారం కనిపించింది. యకారం కనిపిస్తే యణాదేశమే అని అతడు భ్రమపడ్డాడు. ఆ యకారం ‘విద్య’ అనే మాటలో మొదటినుంచీ ఉన్నదేనని, సంధి వల్ల వచ్చినది కాదని చెప్పి, ‘అతి, అవసరం’ కలిసి ‘అత్యవసరం’ అయ్యే తీరును పక్కన చూపితే భ్రమ తొలగిపోతుంది. గుణసంధి అని చెప్పినవాని పొరపాటు వేరు. అతడు మొదటి పదం చివరి అచ్చును చూశాడు గాని రెండవ పదం మొదటి అచ్చును చూడలేదు. అతనికి ‘విద్యా, ఆలయం’ అని విడదీసి చూపి, ‘మహా, ఉన్నతం’ కలిసి ‘మహోన్నతం’ కావడంతో పోల్చి చెప్పాలి.

నేటి సాఫ్ట్‌వేర్లలో ఇందుకు తగిన ఏర్పాట్లు ఉన్నాయి. ఒక్కొక్క తప్పు సమాధానానికి ఒక్కొక్క వివరణ జోడించవచ్చు. సమాధానాన్ని బట్టి విద్యార్థిని వేరు వేరు పుటలకు పంపవచ్చు. ప్రశ్నల నిధి నుంచి ఒక్కొక్కరికి వేరు వేరు ప్రశ్నలు వచ్చేటట్లు చేయవచ్చు. మార్కులతో నిమిత్తం లేకుండా అవగాహనను సరిచూసుకొనే ప్రశ్నలను పాఠం నడుమ ఉంచవచ్చు. ఇన్ని వసతులు ఉన్నా, విద్యార్థి ఎక్కడ తడబడతాడో సాఫ్ట్‌వేర్‌కు తానుగా తెలియదు. తరగతి గదిలో ఏళ్ళ తరబడి విద్యార్థుల ముఖాలు చూసిన అధ్యాపకునికి తెలుసు. ఆ అనుభవాన్ని పాఠంలో నింపకపోతే ఎంత కొత్త వెర్షన్ అయినా పుటలు తిప్పే యంత్రంగా మాత్రమే మిగులుతుంది.

పాఠం అందరికీ అందాలనే ఆలోచన కూడా ఈ మార్పులకు ఒక కారణం. చూపు లేని విద్యార్థి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సహాయంతో చదువుతాడు. బొమ్మకు మాటలలో వివరణ లేకపోతే ఆ బొమ్మ అతనికి లేనట్లే. వినికిడి లేని విద్యార్థికి వీడియో కింద మాటలు అక్షరాలలో కనిపించాలి. చేతివేళ్ళతో మౌస్‌ను కదపలేనివారు కీబోర్డుతోనే పాఠమంతా నడపగలగాలి. బొమ్మను పట్టి లాగి సరైన చోట వదలమనే ప్రశ్న చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, చూపు లేనివారికి అది దాటరాని అడ్డుగోడ కావచ్చు. ఈ అంశాలను వివరించే అంతర్జాతీయ మార్గదర్శకాల రెండవ రూపం 2008లో వెలువడింది. తరువాత 2018లోను, 2023లోను వాటిని విస్తరించారు. భారతదేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం కూడా చదువును, సమాచారాన్ని అందరికీ అందుబాటులో ఉంచాలని నిర్దేశించింది. పాఠ్యరచన సాఫ్ట్‌వేర్లలో బొమ్మల వివరణకు, శీర్షికలకు, చదివే వరుసకు ప్రత్యేక స్థానాలు ఏర్పడ్డాయి. వాటిని ఖాళీగా వదలకుండా నింపడం పాఠం రాసేవారి ధర్మం.

తెలుగులో పాఠాలు రాసేవారు గమనించవలసిన విషయాలు మరికొన్ని ఉన్నాయి. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగుకు స్థానం దొరికింది. అయినా అచ్చుపనిలో వేరు వేరు సంస్థల ఫాంట్లు చాలాకాలం రాజ్యమేలాయి. అటువంటి ఫాంటుతో రాసిన పాఠం ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. వెదికితే పదం దొరకదు. తెరను చదివే సాఫ్ట్‌వేర్ కూడా దానిని చదవలేదు. యూనికోడ్‌లో రాసిన పాఠానికి ఈ బాధలు లేవు. అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి ఉండడం తెలుగు లిపి స్వభావం. ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసిన పెట్టెలో ‘లక్ష్మి’ అని రాస్తే కింది ఒత్తులు తెగిపోయే ప్రమాదం ఉంది. పంక్తుల మధ్య ఎడం పెంచి, పాఠాన్ని ఫోన్‌లో కూడా తెరిచి సరిచూసిన తరువాతనే విద్యార్థులకు ఇవ్వాలి.

వెల పెట్టి కొనవలసిన సాఫ్ట్‌వేర్లు అందరికీ అందుబాటులో ఉండవు. 2012లో వచ్చిన ‘స్టోరీలైన్’ సంస్థలలో మంచి ఆదరణ పొందింది గాని అది కూడా వెల గలదే. ఇందుకు భిన్నంగా స్వేచ్ఛగా వాడుకోదగినవి కూడా ఉన్నాయి. న్యూజిలాండ్‌లో ఆరంభమై తరువాత స్పెయిన్‌లో పెంపొందిన ‘ఎక్స్ఈ లెర్నింగ్’, నార్వేలో 2013లో మొదలైన ‘హెచ్5పీ’ అటువంటివి. వీటి మూల రచన బహిరంగంగా లభిస్తుంది కనుక ఒక సంస్థ ఆపివేసినా మరొకరు కొనసాగించే అవకాశం ఉంటుంది. భారతదేశంలో 2003లో ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఇంజనీరింగ్ పాఠాల కోసం ‘ఎన్‌పీటెల్’ను ఆరంభించాయి. 2017లో ‘స్వయం’, ‘దీక్ష’ అనే జాతీయ వేదికలు వచ్చాయి. వేదికలు ఏర్పడినంత మాత్రాన చాలదు. వాటికి తగిన పాఠాలు మాతృభాషలో పెరిగినప్పుడే వాటి ప్రయోజనం గ్రామాలకు చేరుతుంది.

2023 తరువాత ఈ సాఫ్ట్‌వేర్లలో కృత్రిమ మేధ ప్రవేశించింది. శీర్షిక ఇస్తే పాఠం ముసాయిదాను, ప్రశ్నలను, బొమ్మలను అది క్షణాలలో సిద్ధం చేస్తుంది. అధ్యాపకుని శ్రమ కొంత తగ్గడం మంచిదే. కాని అది తప్పును కూడా ఒప్పులాగే నిస్సంకోచంగా చెప్పగలదు. అందులోని ప్రతి వాక్యాన్నీ, ప్రతి సమాధానాన్నీ తెలిసినవారు సరిచూడక తప్పదు. తప్పుడు పాఠం ఒక తరగతి గదిలో చెబితే కొద్దిమందికి చేరుతుంది. తెర మీద పెడితే వేలమందికి చేరుతుంది.

గంటం పోయి కలం వచ్చింది. కలం పక్కన కీబోర్డు చేరింది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ స్థానంలో రేపు మరొకటి రావచ్చు. విద్యార్థికి ఎక్కడ అర్థం కాలేదో తెలుసుకొని అక్కడ ఆగి మరొకసారి చెప్పడం మాత్రం ఏ కాలంలోనైనా బోధనకు ప్రాణం. కొత్త వెర్షన్‌లో చేరిన సౌకర్యం ఆ పనికి తోడ్పడితే దానిని ఆహ్వానించాలి. తోడ్పడకపోతే అది ఎంత కొత్తదైనా పక్కన ఉంచవచ్చు.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాఠ్యరచన సాఫ్ట్‌వేర్లలో కాలక్రమంలో వచ్చిన మార్పులను, వాటి కారణాలను వివరించండి.
2. తెర మీది పాఠంలో ప్రశ్నోత్తరాల విభాగానికి గల ప్రాముఖ్యాన్ని సోదాహరణంగా తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫ్లాష్ విరమణ వల్ల అధ్యాపకులు గ్రహించవలసిన విషయం ఏమిటి?
2. పాఠం దివ్యాంగులకు కూడా అందాలంటే ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
3. తెలుగులో తెర పాఠాలు రాసేవారు గమనించవలసిన అంశాలు ఏవి?

ఇ) కింది పదాలను విడదీసి, సంధుల పేర్లు రాయండి.
కాలానుగుణం, ప్రశ్నోత్తరం, అత్యవసరం